వాహిని నేర్పిన పాఠాలు: సంస్థ సారథిగా బి.ఎన్.రెడ్డి

పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లె అనే మెట్ట గ్రామంలో జన్మించి, చెన్నపట్నం చేరి, తెలుగు చలనచిత్రానికి దేశవ్యాప్త గౌరవం సంపాదించిన వ్యక్తి బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి. బి.ఎన్.రెడ్డిగా ఆయన లోకప్రసిద్ధుడు. ‘మల్లీశ్వరి’ దర్శకుడంటే చాలు, తెలుగునాట ఆయనకు వేరే పరిచయం అక్కర లేదు. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న తొలి దక్షిణ భారతీయుడన్న సంగతి కూడా జిల్లా వాసులకు కొత్త కాదు. అయితే దర్శకుడి కీర్తి చాటున మరుగున పడిన పాత్ర ఆయన జీవితంలో మరొకటి ఉంది. ముప్పై ఏళ్ల వయసులో ఒక కంపెనీ బాధ్యతను నెత్తిన పెట్టుకుని, పుష్కరకాలం దానిని నడిపి, గెలుపు ఓటములు రెండూ చవిచూసిన సంస్థ సారథి పాత్ర అది. ఆ కంపెనీ పేరు వాహిని. దానిని నడిపిన క్రమంలో ఆయనకు ఎదురైన అనుభవాలు కొత్తగా సంస్థ స్థాపించే వారెవరికైనా పనికివచ్చేవే.

మెట్ట పల్లె నుంచి మహానగరానికి

బి.ఎన్.రెడ్డి 1908 నవంబరు 16న జన్మించారు. నాటికి ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరే లేదు. 1800లో నిజాం ఆంగ్లేయులకు ధారాదత్తం చేసిన కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి ప్రాంతాలను దత్తమండలాలని పిలిచేవారు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన తరువాతే రాయలసీమ అన్న పేరు స్థిరపడింది. సినిమా వ్యాపారంలో మాత్రం పాత పేరు చెరిగిపోలేదు. చిత్రాల హక్కులు అమ్మేటప్పుడు పంపిణీదారులు ఈ ప్రాంతాన్ని నేటికీ సీడెడ్ అనే వ్యవహరిస్తారు.

వాన మీద ఆధారపడిన సేద్యంలో ఏడాది కలిసివస్తే రెండేళ్లు ఎదురుతిరగడం ఈ నేలకు అలవాటు. అందువల్ల సీమలో కాస్త స్తోమత కలిగిన రైతు కుటుంబాలు వ్యవసాయంతోపాటు వ్యాపారాన్నీ చేపట్టేవి. బొమ్మిరెడ్డి వారి కుటుంబం అటువంటిదే. ఎర్రగడ్డలను చెన్నపట్నం రేవు నుంచి బర్మాకు ఎగుమతి చేయడం వారి వ్యాపారం. సరుకు కుళ్లకముందే ఓడకెక్కించాలి. సముద్రానికి అవతల ఉన్న వర్తకుడిని నమ్మి సరుకు పంపాలి. ధర పడిపోతే నష్టాన్ని తట్టుకుని మరుసటి పంటకు పెట్టుబడి మిగుల్చుకోవాలి. అన్నదమ్ములు పెరిగింది ఈ వాతావరణంలోనే. తమ్ముళ్లలో నాగిరెడ్డి తరువాతి కాలంలో విజయా సంస్థకు అధిపతి అయ్యారు. మరో తమ్ముడు కొండారెడ్డి ఛాయాగ్రాహకుడిగా పేరు తెచ్చుకున్నారు.

కుటుంబం చెన్నపట్నంలో స్థిరపడింది. నరసింహారెడ్డి మనసు నాటకాల వైపు, సాహిత్యం వైపు మొగ్గింది. ఆ రోజులలోనే తెలుగు తెర మాట్లాడడం నేర్చింది. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో ప్రేక్షకుల ముందుకు వచ్చింది. అటుపై ఐదారేళ్లు తెలుగు తెరను పౌరాణికాలే ఏలాయి. నాటకరంగంలో పేరుపడిన పద్యాలను, నటులను యథాతథంగా కెమెరా ముందుకు తెచ్చిన చిత్రాలే వాటిలో ఎక్కువ.

రోహిణిలో తొలి శిక్షణ

సినిమా నిర్మాణంలో బి.ఎన్.రెడ్డి తొలి అనుభవం రోహిణి సంస్థలో గడిచింది. హెచ్.ఎం.రెడ్డితో కలిసి ఆ సంస్థలో ఆయన భాగస్వామి అయ్యారు. ఆ సంస్థ 1938లో ‘గృహలక్ష్మి’ని విడుదల చేసింది. కన్నాంబ, కాంచనమాల నటించిన ఈ సాంఘిక చిత్రం చిత్తూరు నాగయ్యను తెరకు పరిచయం చేసింది. ఛాయాగ్రాహకుడు కె.రామ్‌నాథ్, కళాదర్శకుడు ఎ.కె.శేఖర్ కూడా దానికి పనిచేశారు.

దర్శకుడు వేరొకరైన ఆ సంస్థలో రెడ్డి అన్ని శాఖలనూ దగ్గరగా చూశారు. ఎవరు ఏ పనిలో సమర్థులో, ఎవరి స్వభావం ఎటువంటిదో గ్రహించే అవకాశం ఆయనకు దక్కింది. సొంత కంపెనీ స్థాపించేనాటికి డబ్బు కన్నా ముందు మనుషులను ఎంచుకోగలగడానికి ఆ ఏడాది అనుభవమే మూలం. నాగయ్య, రామ్‌నాథ్, శేఖర్, రచయిత సముద్రాల రాఘవాచార్య తరువాత వాహినికి నాలుగు స్తంభాలయ్యారు.

వాహిని ఆవిర్భావం

‘గృహలక్ష్మి’ తరువాత బి.ఎన్.రెడ్డి రోహిణి నుంచి విడివడి వాహిని పిక్చర్స్‌ను స్థాపించారు. పెట్టుబడికి అండగా నిలిచిన వారు తాడిపత్రికి చెందిన వ్యాపారి మూలా నారాయణస్వామి. ఆయన మిత్రుడు, తాడిపత్రి ప్రాంతానికే చెందిన కదిరి వెంకటరెడ్డి లెక్కాపత్రాలు చూసేందుకు సంస్థలో చేరారు. ఆయనే అనంతర కాలంలో ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ చిత్రాలతో చరిత్ర సృష్టించిన కె.వి.రెడ్డి. ఈ విధంగా కడప జిల్లా బిడ్డ ఆలోచనకు అనంతపురం జిల్లా వర్తకుడి సొమ్ము తోడై, దత్తమండలాల వారి కంపెనీ ఒకటి చెన్నపట్నంలో వెలిసింది.

నాటి సినిమా కంపెనీల తీరు తెలిస్తే గాని ఈ ప్రయత్నంలోని సాహసం అర్థం కాదు. ఒక చిత్రం కోసం నలుగురు కలిసి సంస్థ పెట్టడం, ఆ చిత్రం ఆడకపోతే ఎవరి దారి వారు చూసుకోవడం అప్పట్లో మామూలు. వాహిని అందుకు భిన్నమైన మార్గం ఎంచుకుంది. సాంకేతిక నిపుణులు, నటులు, రచయిత ఒకే జట్టుగా ఉండి చిత్రం వెంట చిత్రం తీయాలన్నది దాని పద్ధతి. నిలకడైన జట్టు ఉంటే పనిలో నాణ్యత నిలుస్తుంది. కానీ చిత్రం ఆడినా ఆడకున్నా ఆ జట్టును పోషించే భారం సంస్థ మీద పడుతుంది. లాభం అనిశ్చితం, ఖర్చు నిశ్చితం. వాహినిని నడిపినంత కాలం రెడ్డిని వెన్నాడిన సమస్య ఇదే.

తొలి చిత్రం, తొలి విజయం

పౌరాణికం తీస్తే పెట్టుబడికి కొంత భరోసా ఉండేది. తొలిసారి పరుల సొమ్ముతో కంపెనీ నడుపుతున్న వ్యక్తి ఆ దారి పట్టి ఉంటే తప్పుపట్టే వారు లేరు. బి.ఎన్.రెడ్డి మాత్రం సమకాలీన సాంఘిక కథను ఎంచుకున్నారు. చదువుకున్న యువకుల నిరుద్యోగం, వరకట్నం, అత్తాకోడళ్ల కలతలు ఇతివృత్తంగా ‘వందేమాతరం’ 1939లో విడుదలైంది. నాగయ్య, కాంచనమాల నాయికానాయకులు. ఆంగ్లేయుల పాలన సాగుతున్న కాలంలో చిత్రానికి ఆ పేరు పెట్టడమే తెగువ. దర్శకుడిగా అది బి.ఎన్.రెడ్డికి తొలి చిత్రం.

చిత్రం ఘనవిజయం సాధించింది. పట్టభద్రుడై ఉద్యోగం దొరకక తిరిగే కథానాయకుడిలో నాటి మధ్యతరగతి తనను తాను చూసుకుంది. ప్రేక్షకుడి బతుకుకు దగ్గరైన కథ చెబితే పౌరాణికాల హంగు లేకపోయినా ఆదరణ లభిస్తుందన్న ధైర్యం సంస్థకు కలిగింది. తొలి ప్రయత్నం ఫలించడంతో జట్టు చెదరకుండా నిలిచింది.

తొలి దెబ్బ

విజయం తరువాత ఏ సంస్థకైనా అసలు పరీక్ష మొదలవుతుంది. మరుసటి ఏడాది, 1940లో, వాహిని ‘సుమంగళి’ని అందించింది. వితంతు వివాహ సమస్య అందులోని ఇతివృత్తం. కందుకూరి వీరేశలింగం పంతులును తలపించే వృద్ధ సంస్కర్త పాత్రను నాగయ్య పోషించారు. సాంకేతికంగా, కళాపరంగా మెప్పు పొందిన ఈ చిత్రం వసూళ్ల విషయంలో నిరాశపరిచింది. వితంతు వివాహాన్ని సూత్రప్రాయంగా ఒప్పుకున్న వారు కూడా తెర మీద దానిని చూసేందుకు కుటుంబాలతో తరలిరాలేదు.

‘వందేమాతరం’ ప్రేక్షకుడి బాధను చెప్పింది. ‘సుమంగళి’ ప్రేక్షకుడి నమ్మకాన్ని ప్రశ్నించింది. రెండూ సంస్కరణ చిత్రాలే అయినా ఫలితాలు వేరయ్యాయి. ఒక దర్శకుడు ఇటువంటి ఓటమిని గౌరవంగా భరించవచ్చు. నెల తిరిగేసరికి జీతాలు చెల్లించవలసిన సంస్థ అధిపతికి ఆ వెసులుబాటు ఉండదు.

ఈ దశలో బి.ఎన్.రెడ్డి సాంఘికాలను విడిచి పౌరాణికాలకు మళ్లలేదు. జట్టునూ మార్చలేదు. కథ చెప్పే తీరును మాత్రం మార్చుకున్నారు. 1941లో వచ్చిన ‘దేవత’ ఒక ధనిక యువకుడి చేతిలో మోసపోయిన పనిమనిషి కథ. సమస్య తీవ్రమైనదే అయినా కథ కుటుంబం చుట్టూ తిరుగుతుంది. పాటలు, భావోద్వేగాలు ప్రేక్షకుడిని చేయిపట్టి నడిపిస్తాయి. ఈ చిత్రం పెద్ద విజయం సాధించి సంస్థను మళ్లీ నిలబెట్టింది. మూడేళ్లలో మూడు చిత్రాలు, రెండు విజయాలు, నడుమ ఒక ఓటమి. కంపెనీ నడపడంలో బి.ఎన్.రెడ్డికి ప్రాథమిక విద్య అక్కడ పూర్తయిందని చెప్పవచ్చు.

జట్టు చెదిరిన వేళ

ఆ తరువాత వచ్చిన కష్టం వసూళ్లకు సంబంధించినది కాదు. చెన్నపట్నంలో ఎస్.ఎస్.వాసన్ జెమినీ స్టూడియోను స్థాపించి, సమర్థులైన సాంకేతిక నిపుణులను చేర్చుకోసాగారు. వాహిని రూపురేఖలు తీర్చిదిద్దిన రామ్‌నాథ్, శేఖర్ ఇద్దరూ జెమినీకి వెళ్లారు. నాగయ్య సొంత సంస్థ స్థాపించి, 1943లో ‘భాగ్యలక్ష్మి’ని నిర్మించారు. నమ్మకస్తుల జట్టు మీద ఆధారపడిన కంపెనీకి ఇంతకు మించిన విషమ పరిస్థితి ఉండదు.

దానికి యుద్ధం తోడైంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. చెన్నపట్నం నుంచి జనం పెద్ద సంఖ్యలో ఊళ్లకు తరలిపోయారు. ముడి ఫిల్ము విదేశాల నుంచి రావలసిన సరుకు కావడంతో ప్రభుత్వం దాని వాడకంపై ఆంక్షలు విధించింది. జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో ఎర్రగడ్డల ఎగుమతీ దెబ్బతిన్నది. కుటుంబ వ్యాపారం, సినిమా వ్యాపారం రెండూ ఒకేసారి ఇరుకున పడ్డాయి.

ఈ కష్టకాలంలోనే సంస్థ చరిత్రలో కీలకమైన నిర్ణయం జరిగింది. అంతవరకు వాహిని చిత్రాలన్నింటికీ బి.ఎన్.రెడ్డే దర్శకుడు. నాలుగో చిత్రం ‘భక్త పోతన’ దర్శకత్వ బాధ్యత లెక్కాపత్రాలు చూసిన కె.వి.రెడ్డికి దక్కింది. అప్పటికి ఆయన దర్శకుడిగా ఒక్క చిత్రం కూడా చేయలేదు. అయితే సంస్థలో తొలినుంచీ ఉన్నందువల్ల ఏ సన్నివేశానికి ఎంత ఖర్చవుతుందో, ఏ జాప్యం వల్ల ఎంత నష్టమో ఆయనకు తెలుసు. సంస్థను విడిచిన నాగయ్యే పోతన పాత్ర పోషించారు. కంపెనీ మారినా ఆయనతో అనుబంధం తెగలేదనడానికి ఇదే నిదర్శనం.

ఒంటిమిట్ట కోదండరాముడితో పోతన పేరును ముడివేసుకున్న కడప సీమలోనే గాక, తెలుగునాట అంతటా ఆ చిత్రం నీరాజనాలందుకుంది. యుద్ధభయం నడుమ 1943లో ప్రజలకు చేరిన ఈ భక్తుడి కథ కంపెనీని ఆదుకుంది. నాయకుడు తాను చేయగలిగిన పనిని మరొకరికి అప్పగించడం సంస్థకు బలమే గాని బలహీనత కాదని ఈ విజయం నిరూపించింది.

ఇద్దరు దర్శకుల సంస్థ

అక్కడి నుంచి వాహిని ఇద్దరు దర్శకుల సంస్థగా సాగింది. 1945లో బి.ఎన్.రెడ్డి ‘స్వర్గసీమ’ను రూపొందించారు. వీధి ప్రదర్శనలిచ్చే యువతి రంగస్థల తారగా మారి ఒక పత్రికా సంపాదకుడి సంసారాన్ని కల్లోలపరిచే ఈ కథ భానుమతికి ఎనలేని పేరు తెచ్చింది. మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం, చక్రపాణి సంభాషణలు ఈ చిత్రానికి అమరాయి. పాతవారు వెళ్లిన చోట కొత్తవారు వచ్చారు. వచ్చిన వారూ ఏ మాత్రం తీసిపోని సమర్థులే.

1947లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో ‘యోగి వేమన’ వచ్చింది. కడపలో సి.పి.బ్రౌన్ పండితులను కూర్చి వేమన పద్యాలను పరిష్కరింపజేశారు. ఆ నేలకు చెందిన వారి సంస్థ వేమన జీవితాన్ని తెరకెక్కించడం సముచితమే. నాగయ్య నటనకు ప్రశంసలు దక్కినా, వసూళ్లు మాత్రం ‘పోతన’ స్థాయికి చేరలేదు. ‘సుమంగళి’ నాటి పరిస్థితి మళ్లీ ఎదురైంది. అప్పట్లో తనకు లభించిన రెండో అవకాశమే బి.ఎన్.రెడ్డి సంస్థలో కె.వి.రెడ్డికీ లభించింది. ఆ అవకాశంతో ఆయన 1949లో ‘గుణసుందరి కథ’ తీశారు. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ నాటక కథను జానపదంగా మలిచిన ఈ చిత్రం పల్లె నుంచి పట్నం దాకా అందరినీ అలరించింది.

స్టూడియో బరువు

ఈలోగా సంస్థ మరో పెద్ద అడుగు వేసింది. తొలి పదేళ్లు వాహినికి సొంత స్టూడియో లేదు. ఇతరుల ప్రాంగణాలలో అద్దెకు చిత్రీకరణ జరిపేవారు. 1948లో చెన్నపట్నం వడపళనిలో వాహిని స్టూడియో వెలిసింది. దక్షిణాదిన అన్ని వసతులున్న స్టూడియోలలో ఒకటిగా అది పేరొందింది.

అయితే చిత్రం తీయడం వేరు, స్టూడియో నడపడం వేరు. చిత్ర నిర్మాణంలో ఖర్చు పనితో మొదలై పనితో ముగుస్తుంది. స్టూడియోలో పని ఉన్నా లేకపోయినా ఖర్చు ఆగదు. వడ్రంగులు, రంగులు వేసేవారు, విద్యుద్దీపాల పనివారు, శబ్దగ్రహణ నిపుణులు, ప్రయోగశాల సిబ్బంది అందరికీ నెలనెలా జీతం అందాలి. ఫ్లోరు ఒక్కరోజు ఖాళీగా ఉన్నా ఆ రోజు అద్దె పోయినట్టే. దాని మనుగడకు చిత్రాలు వేగంగా, వరుసగా, బయటి నిర్మాతలతో సహా రావాలి.

బి.ఎన్.రెడ్డి పని తీరు ఇందుకు పూర్తిగా విరుద్ధం. ‘దేవత’కు, ‘స్వర్గసీమ’కు నడుమ నాలుగేళ్లు గడిచాయి. ‘స్వర్గసీమ’ తరువాత ఆయన చిత్రం రావడానికి ఆరేళ్లు పట్టింది. సంగీతం, సంభాషణ, సెట్టు, వెలుగునీడలు మనసుకు నచ్చేదాకా ముందుకు కదలని స్వభావం ఆయనది. ఆ స్వభావమే చిత్రాలకు ప్రాణం పోసింది. స్టూడియో లెక్కలకు మాత్రం అది పొసగలేదు. దీనికి తోడు ఆర్థికంగా వెన్నుదన్నుగా నిలిచిన మూలా నారాయణస్వామి చిన్న వయసులోనే 1950లో మరణించారు.

తమ్ముడి చేతికి పగ్గాలు

అప్పటికి తమ్ముడు నాగిరెడ్డి ముద్రణారంగంలో స్థిరపడి, 1947 జూలైలో చక్రపాణితో కలిసి ‘చందమామ’ను ప్రారంభించారు. ఆ మిత్రులే విజయా సంస్థను స్థాపించి, 1950లో తొలి చిత్రం ‘షావుకారు’ను అందించారు. వాహిని స్టూడియో నిర్వహణ లీజు పద్ధతిలో నాగిరెడ్డి చేతికి వచ్చింది. కాలక్రమంలో అది విజయా-వాహినిగా మారి, ఆసియాలోని పెద్ద స్టూడియోలలో ఒకటిగా ఎదిగింది.

సమయపాలన, ఖర్చుల మీద అదుపు, అనేక పనులను ఏకకాలంలో నడిపించే నేర్పు నాగిరెడ్డి సొత్తు. నటులను, నిపుణులను నెల జీతాల మీద నియమించుకుని ఆయన విజయాను క్రమశిక్షణ గల కర్మాగారంలా నడిపించారు. అన్న ప్రారంభించిన జట్టు పద్ధతినే తమ్ముడు గట్టి లెక్కలతో కొనసాగించారని ఈ పరిణామాన్ని అర్థం చేసుకోవచ్చు.

1951లో ఈ ఇద్దరి దారులూ ఒకే ఆవరణలో పక్కపక్కన కనిపించాయి. ఆ ఏడాది మార్చిలో విజయా వారి ‘పాతాళభైరవి’ విడుదలై అఖండ విజయం సాధించింది. దానికి దర్శకుడు వాహిని తీర్చిదిద్దిన కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు వాహినిలో పనిచేసిన బార్ట్‌లీ. డిసెంబరులో బి.ఎన్.రెడ్డి ‘మల్లీశ్వరి’ వచ్చింది. రెండింటిలోనూ కథానాయకుడు ఎన్.టి.రామారావే. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి ఈ ప్రేమకథకు దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు రాశారు. సినిమాకు ఆయన రచన చేయడం అదే మొదలు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, భానుమతి నటన, గానం నేటికీ తెలుగువారి జ్ఞాపకాలలో నిలిచే ఉన్నాయి. ఖర్చు పెరిగి, నిర్మాణం సాగి, తొలి విడుదలలో ఈ చిత్రం ఆశించిన ఆదాయం తేలేకపోయింది. తరువాతి విడుదలలలో ఆదరణ పెరిగింది. చైనాలోనూ ప్రదర్శితమైంది. స్టూడియో బాధ్యత తమ్ముడికి అప్పగించి ఉండకపోతే అటువంటి చిత్రానికి అంత సమయం దొరికేదా అన్నది ఆలోచించవలసిన విషయం.

తరువాతి ప్రస్థానం

స్టూడియో భారం తగ్గిన తరువాత బి.ఎన్.రెడ్డి దర్శకత్వం మీదనే దృష్టి నిలిపారు. జార్జ్ ఇలియట్ నవల ‘సైలాస్ మార్నర్’ ఆధారంగా రూపొందిన ‘బంగారు పాప’ 1955లో విడుదలైంది. ఎస్.వి.రంగారావు నటన, పాలగుమ్మి పద్మరాజు రచన దానికి వన్నె తెచ్చాయి. 1955 సంవత్సరపు జాతీయ పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా అది ఎంపికైంది. బయటి సంస్థలకు ‘భాగ్యరేఖ’ (1957), ‘పూజాఫలం’ (1964) చేశారు. వాహిని పేరిట ‘రాజమకుటం’ (1960) తీశారు. పల్లె విడిచి పట్నం చేరిన కుటుంబం కథ ‘రంగులరాట్నం’ 1966లో వచ్చి జాతీయ పురస్కారంతోపాటు రాష్ట్ర ప్రభుత్వ నంది పురస్కారమూ పొందింది. చంద్రమోహన్ పరిచయమైంది ఆ చిత్రంతోనే. 1969లో వచ్చిన ‘బంగారు పంజరం’ ఆయన చివరి చిత్రం. 30 ఏళ్లలో ఆయన దర్శకత్వం వహించినవి 11 చిత్రాలే.

కేంద్ర ప్రభుత్వం 1974లో ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది. ఆ సంవత్సరానికే దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమూ లభించింది. పన్నెండేళ్ల తరువాత, 1986 సంవత్సరానికి నాగిరెడ్డి అదే పురస్కారం అందుకున్నారు. కడప జిల్లాకు చెందిన ఒకే ఇంటి అన్నదమ్ములను, ఒకరిని దర్శకుడిగా, మరొకరిని నిర్మాతగా దేశం గుర్తించడం అరుదైన విషయం. బి.ఎన్.రెడ్డి 1977 నవంబరు 8న, 69వ ఏడు నిండడానికి 8 రోజుల ముందు కన్నుమూశారు. వడపళనిలో స్టూడియో ఉన్న ఆవరణలో తరువాతి కాలంలో ఆసుపత్రి, వాణిజ్య సముదాయం వెలిశాయి.

సీమకు మిగిల్చిన సంపద

లాభనష్టాల లెక్కతో మాత్రమే చూస్తే సంస్థ అధిపతిగా బి.ఎన్.రెడ్డి పూర్తిగా గెలిచారని చెప్పలేం. స్టూడియో ఆయన చేతిలో నిలవలేదు. ‘మల్లీశ్వరి’ వంటి కళాఖండమూ పెట్టిన ఖర్చును సకాలంలో రాబట్టలేకపోయింది. అయితే పుష్కరకాలంలో వాహిని 8 చిత్రాలు తీసింది. లెక్కలు చూసే యువకుడిని తెలుగువారు మరువలేని దర్శకుడిగా తయారుచేసింది. సంస్థను విడిచివెళ్లిన వారు సైతం చిత్ర పరిశ్రమలో ఉన్నత స్థానాలు అందుకున్నారు. విజయా సంస్థ అంత త్వరగా నిలదొక్కుకోవడానికి వాహిని వేసిన పునాది కారణం.

కర్నూలు, కడప జిల్లాలలో కొత్తగా నూనె మిల్లో, ముద్రణాలయమో, మరే చిన్న సంస్థో ప్రారంభించే యువకులకు ఈ చరిత్రలో గ్రహించదగిన విషయాలు ఉన్నాయి. డబ్బు కూడేలోగా మనుషులను ఎంచుకోవడం, తొలి విజయాన్ని చూసి పొంగిపోకుండా తొలి నష్టానికి సిద్ధపడడం, నమ్మినవారు వెళ్లిపోతే ఉన్నవారిలో సమర్థుడికి అవకాశమివ్వడం అందులో ముఖ్యమైనవి. వీటన్నింటి కన్నా కఠినమైనది చివరి పాఠం. తాను స్థాపించిన సంస్థలో తనకు చేతనైన పని ఏదో, కానిది ఏదో తెలుసుకుని, కాని పనిని అది చేయగలిగిన వారికి అప్పగించడం. బి.ఎన్.రెడ్డి ఆ పాఠం నేర్చుకోవడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆ పన్నెండేళ్ల ముగింపులో తెలుగువారికి దక్కింది ‘మల్లీశ్వరి’.